వంటింటి గుమ్మంలో నల్లపట్టీ

మా మామయ్యని వీధిలో అందరూ నేలాయన అంటారు. ఆ మాట విని ఆయనేదో పొలాలూ స్థలాలూ ఉన్న ఆసామి అనుకునేరు. కాదు. జనం ఇళ్ళల్లో నేల పరిచే మనిషి. లినోలియం, వినైల్ షీటు, చెక్క పలకలు, టైల్సు, ఏదైనా సరే, గోడకీ గోడకీ మధ్య కాలు పెట్టే చోటంతా ఆయన రాజ్యమే. మా అమ్మకి తమ్ముడు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ పక్కనే కూర్చుని నేను బట్టలు కుడతాను కాబట్టి ఆయన పనికి ఎప్పుడు వెళ్ళిందీ, ఏ మొహంతో తిరిగొచ్చిందీ, అత్తయ్య ఏమని దులిపిందీ, అన్నీ నాకు తెలిసిపోతాయి. తెలుసుకోవాలని కాదు. ఆ గోడ మరీ పల్చన.

ఈయన ఎవరింటికి వెళ్ళినా ముందు మనిషి మొహం చూడడు. గది మూలలు చూస్తాడు. "కొత్త చీర కట్టుకున్నాను, ఎలా ఉంది మామయ్యా?" అని అడిగితే "మీ గుమ్మం దగ్గర షీటు అంచు లేచిందే, చూసుకున్నావా?" అంటాడు. మనుషుల్ని వాళ్ళ చెప్పుల్ని బట్టి గుర్తుపడతాడు. ఓసారి బజార్లో నేను కొత్త చెప్పులేసుకుని ఎదురుపడితే పలకరించకుండా వెళ్ళిపోయాడు. ఒట్టు! ఇంటికొచ్చి గోడ మీద దబదబా బాది మరీ అడిగాను. "నువ్వా అది? ఎవరో కొత్తావిడ అనుకున్నానే" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

మోకాళ్ళకి స్పాంజి దిళ్ళు కట్టుకుని పొద్దస్తమానం నేల మీద పాకే మనిషికి తల పైకెత్తే తీరిక ఎక్కడిది? అరచేత్తో నేలంతా నిమురుతూ వెళ్తాడు. ఇసుక రేణువు ఉన్నా చేతికి తెలిసిపోతుంది. ఆయన పనితనమంతా నల్లపట్టీలో ఉంది. గది చుట్టూ గోడల వారగానూ, గుమ్మాల్లో అడ్డంగానూ బెత్తెడు వెడల్పున నల్లటి లినోలియం పట్టీ వేస్తాడు. పైన అంటించేది కాదు. ఆ మేరకి నేల షీటు కోసి, అందులో పొదుగుతాడు. "గోరు పెట్టి గీకండి. అతుకు దొరికితే మళ్ళీ వేస్తా" అని ఇంటివాళ్ళతో పందెం కాస్తాడు. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఎవరింటి గుమ్మంలో ఆ పట్టీ కనిపించినా, ఇది నేలాయన పని అని ఇట్టే తెలిసిపోతుంది.

పని అయిపోయాక ఇంటివాళ్ళనందరినీ గుమ్మంలో నిలబెట్టి, తను మాత్రం మోకాళ్ళ మీదే ఉండి "చూడండి" అంటాడు. వాళ్ళు చూడాలి. చూసి ఏదో ఒకటి అనాలి. ఒకింట్లో పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుకుంటూ, కిందకి చూడకుండానే ఆ కొత్త నేల మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాట్ట. ఆ పూట మామయ్య భోజనం సగంలో వదిలేసి లేచాడు. "నేల వేసింది నడవడానికే కదండీ! నెత్తిన పెట్టుకుంటారా?" అని అత్తయ్య అన్న మాట గోడ ఇవతలికి కూడా వినిపించింది.

ఇంతటి పనిమంతుడి సొంతిల్లు ఎలా ఉండేదో చెబితే నవ్వుతారు. మా వీధిలో అంతకంటే దరిద్రమైన నేల ఇంకోటి లేదు. ముందుగదిలో రంగు వెలిసిన పాత షీటు. వంటింటి గుమ్మం దగ్గర దాని అంచు ఎండిన ఆకులా పైకి ముడుచుకుని ఉండేది. అత్తయ్య పోరు పెట్టేది. "ఊరందరి కాళ్ళకీ సేవ చేస్తారు. నా కాళ్ళేం పాపం చేశాయండీ?" ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "వచ్చే నెల చేసేద్దాం." ఆ వచ్చే నెల నేను బడికెళ్ళే రోజుల నుంచీ వస్తూనే ఉంది.

చివరికి ఆ లేచిన అంచే అత్తయ్య కాలికి తగిలింది. చేతిలో గిన్నెతో సహా పడిపోయింది. ఆ చప్పుడు విని కత్తెర ఎక్కడ పడేశానో కూడా తెలీకుండా పరిగెత్తాను. తుంటి ఎముక విరిగింది. కబురందుకుని ఆసుపత్రికి వచ్చిన మామయ్య మోకాళ్ళ దిళ్ళు విప్పడం కూడా మర్చిపోయాడు. ఆ దిళ్ళతోనే వరండాలో కూర్చుండిపోయి "నేనే పడేశానే దాన్ని" అన్నాడు. ఏమని ఓదార్చాలి? అబద్ధమని అనలేకపోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎముక అతుక్కునేదాకా అత్తయ్యని వాళ్ళమ్మాయి తన ఇంటికి తీసుకెళ్ళింది. నాకు వదిన. ఒక్కతే కూతురు. ఇదే ఊళ్ళో, అవతలి చివర మూడో అంతస్తులో ఉంటుంది. మా వదిన మనసు వెన్న, కానీ భయం పుట్టిందంటే మాత్రం పోలీసు అయిపోతుంది. తండ్రినీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి ఖరాఖండీగా చెప్పేసింది.

"అమ్మ తనంతట తాను వంటింట్లోకీ బాత్రూంలోకీ నడిచి వెళ్ళగలిగితేనే ఆ ఇంట్లో ఉంచుతాను. ఎవరో చెయ్యి పట్టుకుంటే కాదు. లేకపోతే ఆ ఇల్లు ఖాళీ చేసేసి ఇద్దరూ నా దగ్గరికి వచ్చేయండి."

అందులో తప్పేం లేదు. కానీ అక్కడ లిఫ్టు పనిచేయడమే ఒక వింత. ఆ మెట్లు చూస్తే నా మోకాళ్ళే మొరాయిస్తాయి. అక్కడికి చేరితే అత్తయ్య మళ్ళీ వీధి మొహం చూడదు. ఆ మాట ఆవిడకీ తెలుసు. వదిన స్నానానికి వెళ్ళిన సమయం చూసి నాకు ఫోన్ చేసేది, గుసగుసగా.

"మీ వదిన పువ్వుల్లో పెట్టి చూసుకుంటోందే. ఏం లోటు లేదు. కానీ ఇక్కడ గ్లాసు ఎక్కడుందో అడిగి నీళ్ళు తాగాలి. నా వంటిల్లు నాక్కావాలే. నన్ను ఇంటికి తీసుకుపొండి."

"నువ్వు నడు అత్తయ్యా. మిగతాది మేం చూసుకుంటాం."

"నడుస్తానే. ఎందుకు నడవనూ?"

మామయ్య ఒప్పుకున్న పనులన్నీ వాయిదా వేసి సొంతింట్లో దిగాడు. నేల ముక్కల నమూనాలు ఒక సంచీడు తెచ్చాడు. నేను బల్ల మీద పరచబోతే కసిరాడు. "చీరని బల్ల మీద పెట్టి చూస్తావా, భుజం మీద వేసుకుని చూస్తావా? నేలని నేల మీదే చూడాలి." అన్నీ కిందే పరిచాడు. తను మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కోదాని మీదా నీళ్ళు చిలకరించి అరచేత్తో రుద్దాడు.

"ఇది తీసుకో మామయ్యా! అద్దంలా మెరుస్తోంది" అన్నాను.

"మెరిసేది తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకసారి పడ్డ మనిషి దాని మీద అడుగు వెయ్యదు."

"టైల్సు?"

"చల్లన. పైగా రాయి. ఖర్మ కాలి మళ్ళీ పడిందనుకో..." ఆ ముక్కని పక్కకి నెట్టేశాడు.

"చెక్క పలకలు వేయించు. దర్జాగా ఉంటాయి."

"వంటింట్లో రోజూ నీళ్ళు ఒలుకుతాయి. ఇవి నీళ్ళు తాగి ఉబ్బుతాయి. ఉబ్బితే అంచు లేస్తుంది. అంచు లేస్తే ఏమవుతుందో చూశాం కదా."

ఆఖరికి లినోలియం ఖాయమైంది. అవిసెనూనె వాసన వస్తుంది, కాలికి కాస్త మెత్తగా తగులుతుంది, జారదు. చిన్న చిన్న చుక్కలున్నది నాకు నచ్చింది. అదీ వద్దన్నాడు. "చుక్కలుంటే ఏదో ఒలికిందనుకుని తుడవడానికి వంగుతుంది. అసలే దానికి చూపు అంతంతమాత్రం." అది నిజమే. అత్తయ్యకి ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది ఇంకా తీయాల్సి ఉంది. కాబట్టి చుక్కా గీతా లేని లేత గోధుమరంగు. ఇన్ని విధాలుగా ఆలోచించిన మనిషిని చూసి నాకే ముచ్చటేసింది. భార్య కోసం ఆయన ఇంత బుర్ర పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

పాత షీటు పీకేశాడు. కింద గచ్చు మిట్టపల్లాలు. అక్కడక్కడా ప్లాస్టిక్ కాగితం ముక్కలు అంటించి, వాటి కింద చెమ్మ పడుతోందేమో చూశాడు. చెమ్మ లేదని తేలాక గచ్చంతా చదును చేసి ఆరనిచ్చాడు. కొత్త షీటు చుట్ట వచ్చింది. విప్పి గదిలో పరిచి, అంటించకుండా వదిలేసి బయట అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమిటి, కానివ్వవేం?" అన్నాను.

"చుట్టలో బిగుసుకుపోయి వచ్చిందే. కాస్త కాళ్ళు చాపుకోనీ. తొందరపడి అంటిస్తే తర్వాత ఎగదన్నుతుంది."

"అవతల మీ ఆవిడ ఇంటికెప్పుడొస్తానా అని రోజులు లెక్కపెట్టుకుంటుంటే నువ్వు షీటుకి విశ్రాంతి ఇస్తున్నావా? బాగుంది సంబడం!"

పనిలో ఉన్నప్పుడు ఆయనతో వాదించడం గోడతో వాదించడమే. షీటు తాపీగా సర్దుకున్నాక కాగితం మీద గోడల వంకరలు గీసుకుని షీటు మీదకి దించుకున్నాడు. కొక్కెం కత్తితో ఆ గీతల వెంబడి కోశాడు. పళ్ళున్న తాపీతో జిగురు పూసి, షీటు అంటించి, బరువైన రోలరుని మధ్య నుంచి అంచులకి దొర్లించి గాలంతా బయటికి తోసేశాడు. అన్నిటికంటే ఆఖర్న నల్లపట్టీ. ముందుగది చుట్టూ, వంటింటి గుమ్మంలో, బాత్రూం గుమ్మంలో.

"అమ్మడూ, ఇంత బాగా కుదిరిన పట్టీ నా జన్మలో వేయలేదే" అన్నాడు నన్ను పిలిచి. "గోరు పెట్టి చూడు."

పెట్టాను. ఎంత గీకినా అతుకు దొరకలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

అత్తయ్య వచ్చింది. వాకర్ పట్టుకుని కారు దిగి, గుమ్మంలో నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని చంటిపిల్లాణ్ణి చూపించినట్టు నేలంతా చూపించాడు. "గోరు పెట్టి చూడవోయ్" అన్నాడు. తుంటి విరిగిన మనిషి వంగుతుందా? అయినా ఆవిడ "చూడక్కర్లేదు లెండి. తెలుస్తోంది" అంది. ముందుగదిలో ఇటు నుంచి అటు హాయిగా నడిచింది. వదిన మొహం విప్పారింది. "ఇక నా వంటిల్లు చూస్తా" అంటూ అత్తయ్య ఉత్సాహంగా బయల్దేరింది.

గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

వాకర్ కాళ్ళు నల్లపట్టీకి ఇవతలే ఉన్నాయి. చూస్తూ నిలబడింది. "కాలు లాగుతోంది. తర్వాత వెళ్తాలే" అని వెనక్కి తిరిగి వచ్చి మంచం మీద కూర్చుంది. మొదటి రోజు కదా, అలసిపోయిందనుకున్నాం.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ముందుగదిలో ఎంత దూరమైనా నడుస్తుంది, గుమ్మం వచ్చేసరికి కొయ్యబారిపోతుంది. బాత్రూంకి వెళ్ళాలంటే నా చెయ్యి కావాలి. పట్టుకుంటే ఆవిడ చెయ్యి చల్లగా, చెమటతో ఉండేది. గుమ్మం దాటేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, కాలు మెట్టెక్కినట్టు అంతెత్తు లేపేది. ఆసుపత్రిలో మెట్లెక్కడం నేర్పించారు కదా, ఆ అలవాటు పోలేదనుకున్నాను. డాక్టరేమో ఎముక భేషుగ్గా ఉంది, భయమే తప్ప ఇంకేం లేదన్నాడు.

మామయ్య కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. అత్తయ్య పడుకున్నప్పుడల్లా గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఎక్కడైనా అంచు లేచిందేమోనని అరచేత్తో నిమిరేవాడు. అంచూ లేదు, ఎత్తూ లేదు. అంతా అరచెయ్యంత నున్నగా ఉంది. ఆ మనిషిని అలా చూస్తుంటే నాకు అత్తయ్య మీద కోపమొచ్చింది. అసలే నా కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఏంటత్తయ్యా ఇది? ఆయన మోకాళ్ళు అరగదీసుకుని వేశాడు. నువ్వేమో వంటింట్లోకి అడుగుపెట్టనని భీష్మించుక్కూర్చున్నావు! నీకు ఇక్కడ ఉండాలని ఉందా, లేదా?"

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. వదినకి ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పక తప్పలేదు. "నాకు తెలుసు ఇలాగే అవుతుందని. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. నాన్నకి కూడా బట్టలు సర్దుకోమని చెప్పు" అంది. మామయ్యకి ఆ మాట చెబితే, పాపం, లేచి వెళ్ళిపోయాడు. బయట అరుగు మీద కూర్చుని తన కత్తుల్ని గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

శనివారం నేల తుడవడానికి వెళ్ళాను. లినో తుడవడానికి మామయ్య దగ్గర ఒక శాస్త్రమే ఉంది. ముందు చీపురుతో ఇసుకంతా తీసేయాలి. ఇసుకతో రుద్దితే గీతలు పడతాయి. బకెట్లో నీళ్ళలో సబ్బు రవ్వంత. గుడ్డ గట్టిగా పిండాలి. "నేలకి స్నానం చేయించకే, మొహం తుడువు చాలు" అంటాడు. కొత్తలో నేను తెలివిగా బ్లీచింగ్ పొడి కలిపి తెస్తే బకెట్ లాక్కున్నంత పనిచేశాడు. చెప్పుల మరకలకైతే పెన్సిలు రబ్బరు. రబ్బరు అడుగున్న పట్టాలు గుమ్మంలో వేయనివ్వడు, మచ్చ పడుతుందని. బకెట్ కూడా నేల మీద ఈడవకూడదు. అందుకని మిగిలిన లేత గోధుమరంగు లినో ముక్క ఒకటి, తలుపంత వెడల్పుది, వంటింటి గుమ్మంలో అడ్డంగా పరిచి దాని మీద బకెట్ పెట్టుకున్నాను. తుడవడం అయింది, నేల ఆరింది. స్టవ్ మీద పాలు పెట్టి, మురికినీళ్ళు పారబోయడానికి బకెట్‌తో పెరట్లోకి వెళ్ళాను. పక్కింటావిడ పలకరించింది. నేను మాటల్లో పడ్డాను. నా సంగతి తెలిసిందేగా.

పాల సంగతి గుర్తొచ్చి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి స్టవ్ కట్టేసి ఉంది. దాని పక్కన అత్తయ్య నిలబడి ఉంది.

"పాలు పొంగిపోతుంటే ఊసులేమిటే నీకు?" అని నన్నే తిట్టింది.

"అత్తయ్యా! ఎలా వచ్చావు?"

ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుంది. తనకీ అప్పుడే తెలిసినట్టుంది. "పాలు పొంగిన చప్పుడైంది... లేచి వచ్చేశాను."

కంగారులో వచ్చేసి ఉంటుందనుకున్నాను. సరే, మంచం దగ్గరికి వెళ్దాం పద అన్నాను, చెయ్యి మాత్రం ఇవ్వలేదు. గుమ్మంలోంచి మామూలుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కళ్ళు మూసుకోలేదు, కాలు ఎత్తలేదు. ఆవిడ పాదాలు ఆ లినో ముక్క మీద నుంచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. నాకేదో తట్టింది. గబుక్కున ఆ ముక్క లాగేశాను. నల్లపట్టీ బయటపడింది.

"అత్తయ్యా, మళ్ళీ రా."

వచ్చింది. పట్టీ ముందు ఆగిపోయింది. వాకర్ పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"అక్కడ నీకేం కనిపిస్తోంది? నిజం చెప్పు."

"గొయ్యిలా ఉంటుందే" అంది నెమ్మదిగా. "లోపలికి దిగిపోయినట్టు, నల్లగా. పట్టీ అని నాకు తెలుసు. కాలికి తెలియట్లేదు."

"ఓరి దేవుడా! మరి చెప్పవేం? రేపు వదిన వచ్చి తీసుకుపోతుంది కదా!"

"ఏమని చెప్పనే? ఇన్నేళ్ళకి నాకోసం చేశారు. గోరు పెట్టి చూడమన్నారు. అప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదా? ఆ మొహం చూశాక ఆ మాట ఎలా అంటాను?"

ఏదో అలికిడైతే ఇద్దరం తలలు తిప్పాం. వీధి గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో గానీ, విన్నాడని మొహమే చెబుతోంది. అత్తయ్య "అబ్బే, అదేం లేదండీ" అంటూ ఏదో సర్దబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. మోకాళ్ళ మీద కూర్చోలేదు. ఒక కన్ను మూసి, రెండో కన్ను సగం మూసి, అంత ఎత్తు నుంచి గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గొయ్యే" అన్నాడు. "ఇక్కణ్ణుంచి చూస్తే గొయ్యే. నేనెప్పుడూ నిలబడి చూడలేదే!"

సంచీలోంచి కొక్కెం కత్తి తీశాడు. అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "వద్దండీ! కంటి ఆపరేషన్ అయితే సర్దుకుంటుంది. అంత కష్టపడి వేశారు..."

"కన్ను ఆగుతుంది. ఆదివారం ఆగదు" అని మోకాళ్ళ మీదకి దిగాడు.

ఆ పట్టీ ఊడదీసే తంతు చూసి తీరాలి! వేడిగాలి మిషను పెట్టాడు, గీరాడు, పెకిలించాడు. ఉడుంపట్టు పట్టింది. ముక్కలు ముక్కలుగా తప్ప రాదు. చెమటలు కారిపోతున్నాయి. "ఏ దౌర్భాగ్యుడు వేశాడే దీన్ని!" అని అరిచాడు. అత్తయ్య మంచం మీద నుంచి "మీరేనండీ" అంది. ఆయన తలెత్తి చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ తర్వాత వాళ్ళకీ ఆగలేదు. ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో నవ్వు వినపడి. వంటింటి గుమ్మంలోదీ, బాత్రూం గుమ్మంలోదీ పూర్తిగా లాగేశాడు. మిగిలిన గోధుమరంగు ముక్కల్లోంచి ఆ మేరకి కోసి, జిగురు పూసి అమర్చి, రోలరు తిప్పాడు. అప్పటికి ఎండ దిగిపోయింది. వంటింట్లోకి పాకి వెళ్ళి, అవతల మోకాళ్ళ మీదే కూర్చున్నాడు.

"ఇప్పుడు రా."

అత్తయ్య లేచింది. వాకర్ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆగలేదు. ముందు వాకర్ కాళ్ళు, తర్వాత ఒక కాలు, తర్వాత రెండో కాలు. మామూలు మనిషి నడిచినట్టే నడిచి, నేరుగా వెళ్ళి స్టవ్ ముందు నిలబడి, "ఉప్పు డబ్బా ఇక్కడ పెట్టిందెవరు?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. భోరుమని ఏడ్చేశాను. ఏడుస్తూనే ఇద్దర్నీ తిట్టాను, నోరు విప్పి ఒక్క మాట చెప్పని ఆవిణ్ణీ, నిలబడి ఒక్కసారి చూడని ఆయన్నీ. ఇద్దరూ బుద్ధిగా తలలు వంచుకుని విన్నారు. కాసేపయ్యాక మామయ్య తనలో తను గొణుక్కోవడం మొదలెట్టాడు. "మందుల కొట్టాయన వాళ్ళమ్మ ఉంది. ఆవిడకీ చూపు ఆనదు. ఆ టీచరు గారి మామగారొకరు. వెళ్ళి చూసి రావాలి, గుమ్మాల్లో ఆగుతున్నారేమో."

ఆదివారం వదిన వచ్చింది. చేతిలో రెండు ఖాళీ సంచులు, బట్టలు సర్దడానికి. మొహం గంటు పెట్టుకుని ఉంది, దారి పొడుగునా ఏడ్చినట్టుంది. మంచం మీద అమ్మ లేదు. "అమ్మా!" అని గాభరాగా పిలిచింది.

"ఇక్కడే ఉన్నానే. టీ పెడుతున్నా. నీకు చక్కెర తగ్గించాలా?" అని వంటింట్లోంచి వినపడింది.

వదిన నా వైపు చూసింది. "ఎవరు తీసుకెళ్ళారు?"

"ఆవిడ కాళ్ళు" అన్నాను. పట్టీ సంగతంతా చెప్పాను.

సంచులు కింద పడేసి కుర్చీలో కూలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఎంతైనా నేలాయన కూతురు. వంగి అలవాటుగా గోరు పెట్టి గీకింది. టక్కున ఆగింది గోరు.

"నాన్నా, అతుకు తెలుస్తోంది."

ఇంకెప్పుడైనా ఆ మాట విని ఉంటే ఆ పూట మామయ్య భోజనం చేసేవాడు కాదు.

"తెలియనీ" అన్నాడు మామయ్య.

అత్తయ్య వాకర్‌ని స్టవ్ పక్కనే వదిలేసింది. చేతిలో ఒకే ఒక్క టీ గ్లాసు ఉంది. రెండో చేత్తో తలుపు చట్రం పట్టుకుంది. కూతుర్ని చూసి నవ్వుతూ, స్టవ్ మీద పాలు వదిలేసిన నా నిర్వాకం గురించి చెబుతూ గుమ్మం దాటి వచ్చేసింది. వదిన ఎదురెళ్ళి గ్లాసు అందుకుంది. నేను మామయ్య వైపు చూశాను. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ దిళ్ళు లేకుండా. ఆయన వేసిన నేల మీద ఒక మనిషి కిందకి చూడకుండా నడిచి వచ్చేసింది. ఆయన అలా పొంగిపోవడం నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు.